రిషి వ్యాలీ: పిల్లలు నడిచే దారులు

అనంతపురం నుంచి కదిరి, ములకలచెరువు మీదుగా మదనపల్లె చేరే దారి ఎరిగినవారికి ఆ బస్సు ప్రయాణం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. కానీ మదనపల్లె బస్టాండు బయట రిషి వ్యాలీ బడికి ఆటోవారు అడిగిన ధర గురించి చెప్పక తప్పదు. పదహారు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే దూరానికి నాలుగు వందలన్నారు. "ఆడ తిరుగు బేరం దొరకదు సార్, ఖాళీగా రావల్ల" అన్నది వారి వాదన. అది 2014 ఆగస్టు నెల. టమాటా పెట్టెల లారీలతో ఊరంతా కిక్కిరిసి ఉంది, బేరమాడుతూ నిలబడటానికి కూడా చోటు లేదు. నాతో వచ్చిన సహోపాధ్యాయుడు ఓపికగా మాట్లాడి మూడు వందలకు ఒప్పించాడు గాని, ఆ డబ్బుతో ఒక మనిషి అనంతపురం నుంచి మదనపల్లెకు ఒకసారి వచ్చి వెళ్ళవచ్చునన్న బాధ దారి పొడవునా నన్ను వదలలేదు.

మేమిద్దరం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులం. రిషి వ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడులలో కార్డులతో పాఠం చెప్పే పద్ధతిని కళ్ళారా చూడాలని ముందుగా ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని బయలుదేరాము. వారి పెద్ద గురుకుల బడిని చూడటం మా పనిలో లేదు. అయినా ఇప్పుడు రాయడానికి కూర్చుంటే ముందుగా మనసులో మెదిలేది ఆ బడి ఆవరణే.

గుండ్రాళ్ళ కొండల మధ్య నుంచి ఆటో లోపలికి తిరిగి, చింతలూ కానుగలూ కమ్ముకున్న నీడలో ఆగింది. "బడి యాడుంది?" అని మా మిత్రుడు అడిగాడు. "ఇదే సార్ బడి" అన్నాడు ఆటో అతను. ఎదురుగా ఉన్నవి చెట్లు, వాటి మధ్యగా పోయే మట్టిబాటలు, ఆ బాటల చివర ఎక్కడో ఒక పెంకుటిల్లు అంచు. దేశమంతటా పేరున్న, సుమారు 350 మంది పిల్లలు ఉండి చదువుకునే ఒక ప్రైవేటు గురుకులంలో అడుగుపెట్టామని చెప్పే కట్టడం ఒక్కటీ కంటికి ఆనలేదు. ర్యాంకుల ఫొటోలతో నిండిన ఫ్లెక్సీ కూడా లేదు. నేను చూసిన రెసిడెన్షియల్ విద్యాసంస్థలన్నీ రోడ్డు మీద పోయేవారికి దూరం నుంచే కనిపించేలా నాలుగైదు అంతస్తులుగా లేచినవే కనుక, ఈ బడి ఇంత తగ్గి, ఇంత దాగి ఉండటం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది.

ఈ స్థలం కథ చాలామందికి తెలిసినదే. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. ఆయనను చేరదీసి పెంచిన దివ్యజ్ఞాన సమాజపు నాయకురాలు అనీబిసెంట్ 1915లో ఆ ఊళ్ళో కళాశాల నెలకొల్పారు, 1918లో మద్రాసు గిండీలో ఒక పాఠశాల ప్రారంభించారు. 1926 ప్రాంతంలో కృష్ణమూర్తి ఈ లోయలోని ఒక మహా మర్రిచెట్టును చూసి, ఇక్కడే బడి ఉండాలని ఎంచుకున్నారట. ఆ తరువాత ఇక్కడ భూమి సమకూడింది, గిండీ పాఠశాల 1931లో ఈ లోయకు తరలివచ్చింది. మేము వెళ్ళిన నాటికి ఆ మర్రి ఊడలు దించుకుని నిలిచే ఉంది. దాని కిందనే పిల్లలు నృత్యనాటకాలు ప్రదర్శిస్తారని మమ్మల్ని తిప్పి చూపిన ఉపాధ్యాయురాలు చెప్పారు. ఒక చెట్టు ఉన్న చోటును బట్టి బడి ఎక్కడ కట్టాలో నిర్ణయించుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం. మా మండలంలో బడి గది కట్టడానికి మొదట చేసే పని అక్కడున్న వేపచెట్టు కొట్టివేయడం.

ఆవరణ 300 ఎకరాలకు పైమాటే. తరగతి గదులు ఒకచోట, భోజనశాల మరొకచోట, పిల్లలుండే ఇళ్ళు ఇంకొకచోట ఉన్నాయి. ఆ ఇళ్ళను హాస్టళ్ళనడం నాకు నచ్చదు. ఒక్కొక్క ఇంట్లో సుమారు ఇరవై మంది పిల్లలు, వారితోపాటు అక్కడే కాపురముండే ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ఉంటారు. నిద్ర లేచిన పిల్లవాడు ఉదయం ప్రార్థన సమావేశానికి నడిచి వెళ్ళాలి, తినడానికి నడిచి వెళ్ళాలి, తరగతికి, గ్రంథాలయానికి, ఆటస్థలానికి, మళ్ళీ ఇంటికి నడిచే వెళ్ళాలి. ఆ నడకంతా చెట్ల కింద, పిట్టల మధ్య, ఎదురైన స్నేహితులతో మాట్లాడుకుంటూనో ఒంటరిగా ఆలోచించుకుంటూనో సాగుతుంది. "వర్షమొస్తే ఎలాగమ్మా?" అని మా మిత్రుడు అడిగితే, "తడుస్తారండీ" అన్నారామె. మేము నిలబడి మాట్లాడుతుండగానే తరగతులు ముగిసి, పిల్లలు గుంపులు గుంపులుగా మా పక్కనుంచి వెళ్ళారు. ఒక పిల్ల మాత్రం వెనుకబడి, చీమలబారు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, ఎవరూ తరమకుండానే లేచి వెళ్ళింది.

ఆ పిల్లను చూస్తుంటే మా అక్క కొడుకు గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. వాడు ఇంటర్మీడియట్ చదివిన ఒక రెసిడెన్షియల్ కళాశాలలో పడక మూడో అంతస్తులో, తరగతులు రెండో అంతస్తులో, భోజనం కింది అంతస్తులో ఉండేవి. మేడ మీదికి పోయే తలుపుకు ఎప్పుడూ తాళమే. నెలకొక ఆదివారం తల్లిదండ్రులు వెళ్ళి, పులిహోర డబ్బా విప్పి, గేటు దగ్గర నిలబడే తినిపించి వచ్చేవారు. "మామా, నేల మీద నడిచి పదిహేను రోజులైంది" అని వాడు ఒకసారి ఫోనులో అన్నాడు. ఆ సంస్థ కరపత్రంలో సదుపాయాల జాబితా పొడవుగానే ఉండేది: ఏసీ గదులు, సీసీ కెమెరాలు, శుద్ధిచేసిన నీరు, జనరేటరు. వాటిలో అబద్ధమేమీ లేదు. కానీ ఒక గది నుంచి మరో గదికి మధ్య ఆకాశం ఉండటం కూడా సదుపాయమేనని రిషి వ్యాలీ మట్టిబాట మీద నిలబడినప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. పిల్లలకు అన్నం ఎంత అవసరమో అదీ అంతే అవసరమని నేను నమ్ముతున్నాను.

భోజనశాలలో మాకు పెట్టిన సాదా శాకాహార భోజనం బాగుంది. సాయంత్రం అస్తాచల్ జరిగింది. పిల్లలూ పెద్దలూ ఒకచోట చేరి, సూర్యుడు కొండ వెనక్కి దిగే వేళ మాటలేకుండా కూర్చునే అలవాటది. దానికి గోడలు లేవు, కప్పు లేదు, పడమటి దిక్కుకు అడ్డులేని కొంత నేల ఉంటే చాలు. ఒక బడి రోజువారీ కాలపట్టికలో దీనికొక వేళ కేటాయించి ఉండటమే నాకు ముఖ్యంగా తోచింది.

అయితే ఈ పచ్చదనం మొదటినుంచీ ఉన్నదనుకుంటే పొరపాటు. ఇది రాయలసీమ నేల, కరువు ప్రాంతం. మేకలు మేసి, వంటచెరకు కోసం నరికి, ఈ కొండలు ఒకప్పుడు బోడిగా ఉండేవి. ఏళ్ళ తరబడి మొక్కలు నాటి, వాలుల మీద మేపు ఆపి, వాన నీరు నిలిచి భూమిలోకి ఇంకేలా ఊటకుంటలు కట్టుకున్నారు. మెల్లగా చెట్లు వచ్చాయి, చెట్ల వెనుక పిట్టలు వచ్చాయి. 1991లో ఈ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇక్కడ 200కు పైగా జాతుల పక్షులను గుర్తించారు. దక్షిణాది రాతికొండల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపుకంఠం పిగిలిపిట్ట కూడా వాటిలో ఉంది. మాకు అది కనిపించలేదు గాని, దాని కోసం తల పైకెత్తి వెతకడమే మాకు హాయిగా అనిపించింది. బడి భవనం ఒక ఏడాదిలో లేస్తుంది, ఇలాంటి ఆవరణ మాత్రం రెండు తరాల పనివారి చేతుల మీదుగా గాని తయారు కాదు.

ఇంత పెద్ద ఆవరణలో చదవడానికయ్యే ఖర్చు మావంటి జీతగాళ్ళ పిల్లలకు అందేది కాదు. ఆ మాట నా లోపల మెదులుతూనే ఉండగా, మరునాడు మేము అసలు చూడవచ్చిన పల్లెబడికి వెళ్ళాము. ఒక్క గది, దాని చుట్టూ పిల్లలు పెంచిన తోట, గోడ మీద పాఠాలను మెట్లుగా చూపే అభ్యాస నిచ్చెన పటం. రిషి వ్యాలీ పల్లెబడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి మెట్టుకూ ఒక బొమ్మగుర్తు ఉంటుంది. పిల్లవాడు తానున్న మెట్టు చూసుకుని, ఆ బొమ్మ ఉన్న కార్డును అరలోంచి తానే తెచ్చుకుంటాడు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి వేగంతో వారు, ఒకరికొకరు సాయపడుతూ చదువుతారు. స్కూల్ ఇన్ ఎ బాక్స్ (పెట్టెలో బడి) అని వారు పిలిచే ఈ సామగ్రిని చూసి వెళ్ళిన మైసూరు ప్రాంతపు ఉపాధ్యాయులే కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఇలాంటిదే అయిన నలి కలి పద్ధతిని ప్రారంభించారు. మా బడిలో ఐదు తరగతులకు ఇద్దరమే పంతుళ్ళం. ఆ గది మాకు పరాయిదిగా అనిపించలేదు.

తిరుగు బస్సులో మా మిత్రుడు టికెట్టు వెనుక లెక్క రాశాడు. ఇరవై మందికొక ఇల్లు మా వల్ల కాదు. నిచ్చెన పటం గీయగలం, కార్డులు అట్టలతో చేసుకోగలం, ప్రహరీ లోపల పది కానుగ మొక్కలు నాటగలం. వేసవి సెలవుల్లో ఆ మొక్కలకు నీళ్ళెవరు పోస్తారన్న దగ్గర లెక్క ఆగింది. బడి ఎదురింటి రైతుకు బోరు ఉంది, ఆయన మనవరాలు మా రెండో తరగతిలోనే ఉంది. సోమవారం ఆయననే అడుగుదామని కదిరి దాటాక అనుకున్నాము.