బాడ్ సెగెబెర్గ్ గుహ, చలిదేశపు గబ్బిలాలు

ఉత్తర జర్మనీలో హాంబుర్గ్ నుంచి రైలెక్కి, బాడ్ ఓల్డెస్లో స్టేషన్లో బండి మారితే బాడ్ సెగెబెర్గ్ అనే చిన్న పట్టణానికి చేరుకోవచ్చు. పొలాలూ చెరువులూ పరుచుకున్న ఆ ప్రాంతంలో, జిప్సం, అన్‌హైడ్రైట్ రాయితో ఏర్పడిన ఒక గుట్ట సముద్రమట్టానికి 91 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. తరతరాలుగా జిప్సం కోసం తవ్వడం వల్ల గుట్ట చాలావరకు తరిగిపోగా, ఆ తవ్వకాల్లోనే 1913లో లోపలి గుహ బయటపడింది. ఇప్పుడు ఏటా శీతాకాలంలో దాదాపు 30,000 గబ్బిలాలు అక్కడ తలదాచుకుంటాయి. సెప్టెంబరులో నేను వెళ్ళింది వాటి కోసమే.

గబ్బిలం అనగానే మనవాళ్ళకు ఊరి మర్రిచెట్టుకో, చింతచెట్టుకో పగలంతా తలకిందులుగా వేలాడే, రెక్కలు చాస్తే మీటరు దాటే పెద్ద గబ్బిలాలు గుర్తుకొస్తాయి. పండ్లూ పూలతేనే తిని బతికే ఆ రకం యూరప్‌లో దాదాపు కనిపించదు. సైప్రస్ దీవి వరకు మాత్రం ఒక జాతి ఉంది. ఏడాది పొడవునా పండ్లు దొరకని సమశీతోష్ణ మండలంలో బతుకుతున్నవి దాదాపు అన్నీ పురుగులు తినే చిన్న గబ్బిలాలే, వాటిలో అత్యధికం వెస్పర్టిలియోనిడే కుటుంబానికి చెందినవే. ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలం జాతులుంటే, జర్మనీలో ఉన్నవి పాతిక మాత్రమే. ఇంకా ఉత్తరానికి పోయేకొద్దీ ఆ సంఖ్య మరింత తగ్గుతుంది, అయినా ఉత్తర గబ్బిలం అనే జాతి నార్వేలో ఆర్కిటిక్ వృత్తం దాటిన చోట కూడా పిల్లలను కంటుంది. వేసవి రాత్రి సరిగా చీకటి పడని ఆ దేశంలో వేటాడి పిల్లను సాకడం ఎంత కష్టమో ఊహించుకుంటే నాకు ఆ జాతి మీద గౌరవం పెరిగింది.

గుహలోకి గైడు వెంటే వెళ్ళాలి. జాకెట్ వేసుకున్నా చలి తెలుస్తూనే ఉంది, గోడలు చెమ్మగా ఉన్నాయి. ఒక సన్నని నెర్రె దగ్గర గైడు ఆగి, టార్చి వెలుతురు నేరుగా పడకుండా చేయి అడ్డుపెట్టి చూపించారు. లోపల ఒదిగి ఉన్నది నాటెరర్ గబ్బిలం. ఒళ్ళంతా కలిపి నా బొటనవేలంత కూడా లేదు. పొట్ట తెల్లగా, వీపు బూడిద కలిసిన గోధుమరంగులో ఉంది, పలుచని పొడుగాటి చెవుల్లోంచి లేత గులాబీ రంగు తొంగిచూస్తోంది. బరువు పది గ్రాముల లోపేనని గైడు చెప్పారు. తోకను కలుపుకుని కాళ్ళ మధ్య సాగే పొర అంచున గరుకు వెంట్రుకలు వరుసగా ఉంటాయట; వాటిని పక్కనే ఉన్న ప్రదర్శనశాలలోని పెద్ద ఫొటోలో చూశాను. ఈ గుహలో ఎక్కువగా చేరే మరో జాతి డాబెంటన్ గబ్బిలం. దాని పాదాలు ఒంటికి మించి పెద్దవి, ఎందుకంటే అది చెరువు నీటికి ఆనుకుని ఎగురుతూ నీటి మీది పురుగులను కాళ్ళతో ఎత్తుకుంటుంది. పొడుగు చెవుల గబ్బిలమైతే నిద్రపోయేటప్పుడు తన చెవులను రెక్కల కిందికి మడుచుకుంటుంది.

ఇంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. పురుగులు లేని నెలల్లో ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలని చూస్తే అది వారం కూడా బతకదు. అందుకే శరదృతువులో కొవ్వు పట్టించుకుని, చలి ముదిరేసరికి తన ఒంటి వేడిని గుహ గాలితో దాదాపు సమానంగా దించేసుకుంటుంది. ఎగిరేటప్పుడు నిమిషానికి వందలసార్లు కొట్టుకునే గుండె ఆ నిద్రలో పది పదిహేనుసార్లకు పడిపోతుంది. గడ్డకట్టని చలి, రెక్కల పొరలు ఎండిపోకుండా కాపాడే చెమ్మ, రెండూ ఉన్న చోటే దానికి కావాలి. అలాంటి చోటు దగ్గర్లో దొరకని జాతులు వలస పోతాయి. నాథూసియస్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలమైతే బాల్టిక్ తీరం నుంచి ఫ్రాన్స్ దాకా ఎగిరిపోతుంది. ఈ జాతుల విస్తరణ పటం గీయాలంటే వేసవి ఆహారంతో పాటు శీతాకాలపు ఆశ్రయాలనూ గుర్తించాలని నాకు ఆ గుహలోనే తెలిసొచ్చింది.

ఈ గుహలో తప్ప లోకంలో మరెక్కడా కనిపించని ఒక చిన్న పేడపురుగులాంటి పురుగు కూడా ఉంది, గబ్బిలాల రెట్ట మీద, చచ్చిన వాటి మీద బతుకుతుంది. గబ్బిలాలు రాకపోతే దాని గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పొద్దుగూకాక గుట్ట కిందికి మళ్ళీ వచ్చాను. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ఆడ, మగ గబ్బిలాలు గుహ ముఖద్వారం దగ్గర గుంపులుగా చేరి, చుట్టూ తిరుగుతూ జతకడతాయి. ఆడ గబ్బిలం మగదాని వీర్యాన్ని చలికాలమంతా తనలోనే దాచుకుని, వసంతంలో గర్భం దాల్చి, వేసవి మొదట్లో సాధారణంగా ఒకే పిల్లను కంటుంది. దానివల్ల పురుగులు మెండుగా ఉన్న రోజుల్లోనే పిల్ల పెరుగుతుంది. నా తల మీదుగా పోతున్న వాటి చప్పుడు నాకు వినపడలేదు, రెక్కల గాలి మాత్రం ఒకటి రెండుసార్లు చెంపకు తగిలింది. ద్వారం దగ్గర కంటికి కనపడని పరారుణ కిరణాలు లోపలికి వెళ్ళేవాటినీ బయటికి వచ్చేవాటినీ లెక్కిస్తుంటాయి.

అక్టోబరు నుంచి వసంతం దాకా గుహను మూసేస్తారు, ఎవరినీ రానివ్వరు. నిద్రలోంచి ఒక్కసారి లేచినా కూడబెట్టుకున్న కొవ్వులో కొంత ఖర్చయిపోతుంది, మార్చి దాకా దాన్ని మళ్ళీ నింపుకునే వీలుండదు కనుక ఆ నిబంధన ముమ్మాటికీ సబబే. వెళ్ళాలనుకునేవారు సెప్టెంబరు తొలి పక్షంలో వెళ్ళండి. పగలు గుహ చూసి, తిరుగు రైలు టైము ముందే కనుక్కుని, చీకటి పడేదాకా అక్కడే ఉండండి.