టర్బో డీజిల్‌కు ఇంటర్‌కూలర్ ఉండి తీరాలా?

అక్కర్లేదు. టర్బో ఇంజనులోకి గాలిని నొక్కి పంపుతుంది, ఆ నొక్కుడుకు వేడెక్కిన గాలిని సిలిండర్లోకి వెళ్లేముందు చల్లార్చేదే ఇంటర్‌కూలర్. ఇంటర్‌కూలర్ లేకుండా ఒట్టి టర్బోతో వచ్చిన ట్రాక్టర్లు, జనరేటర్లు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. లోపలికెళ్లే గాలి వేడెక్కితే పెట్రోలు ఇంజను నాకింగ్ కొడుతుంది, అంటే ఇంధనం తనంతట తానే అంటుకుని టకటకమంటుంది. డీజిల్‌కు ఆ బాధ లేదు. చూడాల్సింది బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి, బార్లలో కొలుస్తారు) ఎంత, ఫుల్ లోడు మీద ఎంతసేపు తిరుగుతుంది అన్న రెండే.

దాళ్వా కోతల ఎండ 40 డిగ్రీలనుకోండి. అర బార్ బూస్ట్‌కు, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) సామర్థ్యం 70 శాతం చొప్పున లెక్కేస్తే, గాలి 95 డిగ్రీలకు చేరుతుంది. ఒక బార్ అయితే 138కి. వేడిగాలి పలచన కాబట్టి టర్బో కష్టంలో కొంత అక్కడే పోతుంది. 138ని 60కి దించితే, కూలర్లో 0.1 బార్ ఒత్తిడి పోయినా సరే, సిలిండర్లోకి 17 శాతం ఎక్కువ గాలి వెళ్తుంది. అర బార్ దగ్గర ఆ లాభం ఏడు శాతానికి అటూ ఇటూ. అందుకే చెరువు గట్టు మీద రాత్రిళ్లు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు) తిప్పే చిన్న జనరేటర్‌కు, బూస్ట్ తక్కువైతే, ఇంటర్‌కూలర్ లేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

వరికోత మెషిన్ సంగతి వేరు. మిట్టమధ్యాహ్నం ఫుల్ లోడు, చుట్టూ గడ్డి నుసి. చాలా మెషిన్లలో ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది, రెంటి మధ్యా నుసి అట్టకడుతుంది. బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది, అదే మోసం. పొద్దున్న బాగా లాగిన బండి మధ్యాహ్నానికి నల్లపొగ వదిలి పికప్ తగ్గిందంటే డీజిల్ పంపు జోలికి పోకముందు అక్కడ టార్చ్ వేసి చూడండి. గాలి ఫ్యాన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, నాజిల్ దూరంగా పట్టుకుని. దగ్గర పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఎండతో పని లేకుండా పొద్దస్తమానం పొగే అయితే, లోడు మీద ఈల కూడా వినిపిస్తే, హోస్ పగిలిందనో క్లాంప్ వదులైందనో అనుకోవాలి. కూలర్ విప్పి ఒక మూతికి బిరడా గట్టిగా బిగించి, రెండో మూతి నుంచి రెగ్యులేటర్‌తో గాలి ఎక్కించి సబ్బునీళ్లు పూయండి. ఒక బార్ దాటించొద్దు. బిరడా ఊడితే తూటాలా వస్తుంది, ఎదురుగా నిలబడొద్దు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలతాయి. అక్కడ సీజను అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

లోపల పలచగా నూనె తడి మామూలే. గరిటెడు నిలిచి ఉంటే టర్బో సీలో, మూసుకుపోయిన బ్రీదరో (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే దారి) కారణం. టర్బో పగిలి కొత్తది వేస్తున్నప్పుడు కూలర్ కడక్కుండా బిగించడం మాత్రం దారుణం: మిగిలిన ఇనప ముక్కలు ఇంజన్లోకి పోతాయి, నిలిచిన నూనెను పీల్చుకున్న ఇంజను తాళం తీసినా ఆగదు.

పాత టర్బో ఇంజనుకు కొత్తగా ఇంటర్‌కూలర్ కట్టిస్తే, డీజిల్ పెంచనంత వరకు పవర్ పెద్దగా రాదు. పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వేడి తగ్గుతుంది. మెకానిక్ ఆ ధీమాతో డీజిల్ పెంచడానికి పంపు స్క్రూ తిప్పబోతే చెయ్యి పట్టుకోండి. గొట్టాలు సన్నవైనా, మరీ పొడుగైనా బూస్ట్ అందడం ఆలస్యమవుతుంది. ఇక ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ఉన్న కొత్త ఇంజన్లలో కారుతున్న కూలర్‌ను తప్పించి నేరుగా గొట్టం వేసే చిట్కా వద్దే వద్దు. గాలి వేడి చూసే సెన్సర్ ఉన్న బండి పవర్ కోసేసి కూర్చుంటుంది.