పెద్దవాళ్ళ మడమలు ఎవరు చూస్తారు?

ఇంగ్లాండులోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కేరర్‌గా పనిచేస్తున్న నాకు ఉదయం డ్యూటీ అంటే ప్రధానంగా స్నానాలు చేయించడమే. ఒంటిమీద నీళ్ళు పోయడంతో ఆ పని పూర్తికాదు. చెవుల వెనక నుంచి కాలివేళ్ళ సందుల దాకా చూసి, కమిలిన చోటు, గీరుకున్న చోటు కొత్తగా ఏది కనిపించినా మనిషి బొమ్మ అచ్చువేసిన బాడీ మ్యాప్ అనే కాగితంపై గుర్తుపెట్టి, తేదీ, సమయం వేసి సంతకం చేయాలి. హైదరాబాదులో, మల్కాజిగిరిలోని మా ఇంట్లో నాయనమ్మకు ఆదరణలో ఏ లోటూ లేదు. కానీ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తలుపు వేసుకుని తామే స్నానం చేసి వస్తారు కనుక, వారి వీపు, నడుము, మడమలు నెలల తరబడి ఎవరి కంటా పడవు. నాకు దిగులు కలిగించేది ఇదే.

వయసు పైబడేకొద్దీ చర్మం పలచబడుతుంది, పై పొరకూ కింది పొరకూ మధ్య పట్టు సడలుతుంది, నూనె గ్రంథులు మందగిస్తాయి. అందుకే జబ్బ పట్టుకుని లేపినా చర్మం చిరిగిపోవచ్చు. ఇక్కడ మంచంలో ఉన్నవారిని లాగకుండా, జారుడు గుడ్డ వేసి జరుపుతాం. హైదరాబాదులో బోరు నీటి ఉప్పదనానికి డిసెంబరు చలి, పొగలు కక్కే వేడినీళ్ళు, సున్నిపిండి రుద్దుడు తోడైతే పిక్కలు పొలుసులు కట్టి రాత్రంతా దురద పెడతాయి. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, సబ్బును చంకలకూ గజ్జలకూ పరిమితం చేసి, తువ్వాలుతో అద్దుకుని, ఒంటిమీద తడి పూర్తిగా ఆరకముందే వ్యాజలీనో వాసనలేని మాయిశ్చరైజరో రాసుకుంటే చాలావరకు ఉపశమనం కలుగుతుంది. అయితే వ్యాజలీన్ వంటివి ఇంకిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక, దీపం పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఎక్కువసేపు కదలకుండా ఉంటే ఒత్తుకున్న చోట పడే ఒత్తిడి పుండ్ల (బెడ్ సోర్స్) గురించి మాకిచ్చిన శిక్షణలో, వేలితో నొక్కినా తెల్లబడని ఎర్రటి మచ్చ తొలి గుర్తని నేర్పారు. ఫొటోలన్నీ తెల్లవారి ఒంటివే. మేమంతా బా అని పిలిచే గుజరాతీ పెద్దావిడ మడమపై నాకు ఎరుపేమీ కనిపించలేదు. చేతి వెనక వైపుతో తాకితే మాత్రం ఆ మడమ రెండోదానికన్నా వేడిగా, కాస్త గట్టిగా ఉంది. నర్సును పిలిచాను. పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకు ఆనకుండా గాలిలో ఉంచితే, పుండు పడకుండానే తగ్గింది. మన ఛాయ చర్మంపై ఎరుపు కోసం వెతికితే ఆలస్యమైపోతుంది. చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లబడిందా, వేడెక్కిందా, చల్లబడిందా, గట్టిపడిందా, నొప్పిగా ఉందా అని చూడాలి.

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. "మీ నాయనమ్మ ఒప్పుకోదే, సిగ్గుపడుతుంది," అంది. కాళ్ళకు నూనె రాస్తానని చెప్పి ఆవిడను కూర్చోబెట్టమని అమ్మతో అన్నాను. నూనె రాయించుకోవడానికి నాయనమ్మ ఎప్పుడూ కాదనదు. అలా అమ్మ చూస్తున్నప్పుడే, లంగా నాడా బిగిసే చోట నడుము చుట్టూ ఉంగరాల్లాంటి తామర మచ్చలు బయటపడ్డాయి. ఆవిడ ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపు నుంచి తెప్పించుకున్న ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంది. స్టెరాయిడ్ దురదను అణచిపెడుతుంది, తామరను మాత్రం పెంచుతుంది. ఇలాంటి పూతమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే మన దేశంలో నిబంధనను కఠినం చేసినా, చాలాచోట్ల అడిగినవారికి ఇచ్చేస్తూనే ఉన్నారు. చర్మ వైద్యురాలు ఆ ట్యూబు మాన్పించి, ఫంగస్ మందు రాసి, నాడా వదులుగా కట్టుకోమని, తువ్వాలు వేరుగా పెట్టుకోమని చెప్పారు.

అమ్మకు గట్టిగా చెప్పిన మరో విషయం సర్పి (షింగిల్స్). ఒంటికి ఒకే పక్కన పట్టీలా మంట పుట్టి, ఆ తర్వాత నీటి పొక్కులు లేస్తే, పసరు పూయించడానికి తిరుగుతూ రోజులు పోగొట్టకూడదు. పొక్కులు కనిపించిన 72 గంటల లోపు వైరస్ మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. పొక్కులు మానినా నరాల నొప్పి కొందరిని నెలల తరబడి వేధిస్తుంది. బ్రిటన్‌లో దీని టీకాను అర్హులైన వయోవృద్ధులకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. మన దేశంలో 2023 నుంచి 50 ఏళ్ళు దాటినవారికి కొత్త టీకా దొరుకుతున్నా, ఖర్చు మనమే పెట్టుకోవాలి. సెలవుకు వచ్చినప్పుడు అమ్మనూ నాయనమ్మనూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇద్దరికీ ఆ టీకా వేయించవచ్చేమో అడుగుతాను.