చెర్రీ చెక్కతో కనూ తెడ్డు చేసుకున్న నా అనుభవం

కెనడాలోని ఒంటారియోలో స్థిరపడిన తరువాత, వేసవిలో అల్గాన్‌క్విన్ పార్కు సరస్సుల మీద కనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నని పడవ, నడపడం మా కుటుంబానికి అలవాటైంది. అద్దెకు దొరికే ప్లాస్టిక్ తెడ్లతో ప్రయాణం సాగుతుంది గాని, వాటి అల్యూమినియం కాడ ఉదయపు చలిలో చేతికి మంచులా తగులుతుంది, గంటల తరబడి వేస్తే మణికట్లు నొప్పి పెడతాయి. పీటర్‌బరోలోని కెనడియన్ కనూ మ్యూజియంలో స్థానిక జాతులవారు ఒకే చెక్కలోంచి తీర్చిన పాత తెడ్లను చూశాక, అటువంటిదొకటి స్వయంగా చేసుకోవాలన్న కోరిక బలపడింది. ఆ పనివారు కొన వంగిన కత్తిని ఒంటి చేత్తో తమ వైపు లాక్కుంటూ చెక్కేవారు. నేను చిత్రిక, స్పోక్‌షేవ్ (వంపులను చెక్కే రెండు పిడుల చిన్న చిత్రిక), ఆకురాయిలతో సరిపెట్టుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ చెక్కను ఎంచుకోవడంలోనే పెట్టాలని నా అభిప్రాయం. యాష్ గట్టిది కాని బరువు, బాస్‌వుడ్ తేలిక కాని మెత్తన. చెర్రీ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండి, చిత్రికకు చక్కగా లొంగుతుంది. 1¼ అంగుళం మందం, 6 అంగుళాల వెడల్పు ఉన్న పలకలను ఒక్కొక్కటిగా తిప్పి, పై ముఖాన్నే కాక పక్క అంచును కూడా చూశాను. ఎందుకంటే ముఖం మీద నార తిన్నగా కనిపించినా, అంచు వైపు అది ఏటవాలుగా బయటికి పోతుంటే, కాడ రెక్కలో (నీటిలో మునిగే వెడల్పు భాగంలో) కలిసే మెడ దగ్గర, అంటే బలం ఎక్కువగా పడే చోటనే, తెడ్డు విరుగుతుంది. ముడులున్న పలకలను ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాను.

నమూనాగా నీటికుక్క తోకను పోలిన ఆటర్‌టెయిల్‌ను తీసుకున్నాను. దాని పొడవైన, సన్నని రెక్క లోతైన సరస్సులకు తగినది. రాళ్ల మధ్య పారే లోతు తక్కువ నదికైతే పొట్టిగా, వెడల్పుగా ఉండే రెక్క మేలు. ఆకారం గీసి రంపంతో కోయడం త్వరగానే ముగిసింది.

అసలు పని రెక్కను పలచబరచడంలో ఉంది. ముందుగా అంచు చుట్టూ సరిగ్గా నడిమి గీత గీసి, దానికి రెండు వైపులా సమదూరంలో మరో గీత చొప్పున గీసుకోవాలి. ఈ గీతలు చెరగకుండా ఉన్నంతవరకే రెండు ముఖాలూ సమానంగా తగ్గుతాయి. అంచున సుమారు 5 మిల్లీమీటర్లు, నడుమ వెన్ను దగ్గర అంతకంటే కొంత ఎక్కువ మందం ఉంచాను. నారకు ఎదురుగా చిత్రిక పడితే చెక్క పెళ్లలుగా లేస్తుంది కాబట్టి, రెక్క వెడల్పు మారే చోటల్లా పలకను తిప్పి, దిశ మార్చుకోవలసి వచ్చింది. తరచుగా ఆగి, రెక్క కొనను నేలకానించి మెడను మెల్లగా నొక్కి చూసేవాణ్ణి. కొద్దిగా వంగి వెంటనే నిటారుగా నిలిచే గుణం వచ్చిందంటే ఇక తీయడం మానవచ్చు. ఆ పరీక్షలో చేతికి తెలిసేది ఏ కొలత పరికరమూ చెప్పలేదు.

కాడను మొదట ఎనిమిది పలకలుగా, తరువాత పదహారుగా తీర్చి, చివరకు కోడిగుడ్డు వాటం గుండ్రనిది చేశాను. పూర్తి గుండ్రంగా ఉంటే రెక్క ఏ వైపు తిరిగిందో చూడకుండా పట్టును బట్టి తెలియదు. కాడ పైకొసన ఉండే పిడిని రెండు వైపులా ఒకేలా ఉంచాను; అప్పుడే, రెక్కను నీటిలోనుంచి పైకి తీయకుండా అంచుతో ముందుకు జరిపి అరచేతిలో పిడిని తిప్పే నిశ్శబ్దపు వేత (తెడ్డు వేసే తీరు) సాధ్యమవుతుంది.

గరుకు కాగితంతో రుద్దాక తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును ఆరిన తరువాత మళ్లీ రుద్దాలి. రెక్కకు వార్నిష్ వేశాను, కాడకూ పిడికీ అవిసె నూనె మాత్రమే పట్టించాను. వార్నిష్ వేసిన కాడ తడిసిన చేతిలో బొబ్బలు లేపుతుంది. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకుండా విప్పి ఆరుబయట ఆరవేయాలి, ఎందుకంటే ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు.

తెడ్డు ఇప్పుడు నీటికి అలవాటు పడింది. వేత చివర రెక్కను తిప్పి పడవను దారిలో పెట్టేటప్పుడు మునుపటంత బలం అవసరం లేదు, ఎండ తగిలి చెర్రీ కూడా ముదురు ఎరుపుకు తిరిగింది. ఏటా మంచు కరిగాక కాడకు మరోసారి నూనె పట్టిస్తున్నాను. వాడనప్పుడు గోడకు ఆనించి ఉంచితే వంకరపోతుంది కాబట్టి, పిడి పైకి వచ్చేలా వేలాడదీస్తాను. పిల్లల కోసం బాస్‌వుడ్‌తో పొట్టి తెడ్డు చేయడానికి పలక తెచ్చి ఉంచాను.