డేటా మోయని సర్వర్

చెన్నైలో బ్యాకప్ పని చేసేవాళ్లకి రెండో కాపీ వేరే ఊళ్లో ఎందుకుండాలో వివరించక్కర్లేదు. 2015 డిసెంబరు వరదలు చాలు. మా రెండో కాపీ బెంగళూరు వెళ్తుంది. అది వెళ్లే పద్ధతంటే నాకు చాలా ఇష్టం.

10 టీబీ బ్యాకప్‌ని, బ్యాకప్ జాబ్‌లు నడిపే మీడియా సర్వరే చదివి పంపాలంటే కష్టం. డీడూప్ అయి, అంటే ఒకేలా ఉన్న ముక్కల్ని ఒక్కసారే దాచడం వల్ల, చిన్నగా ఉన్న డేటా, చదివేటప్పుడు మళ్లీ పూర్తి సైజుకి వచ్చేస్తుంది. 1 జీబీపీఎస్ లైన్ మొత్తం మనకే ఇచ్చినా 22 గంటలు. ఈలోపు మర్నాటి బ్యాకప్ మొదలైపోతుంది.

అందుకే సర్వర్ ఇక్కడి స్టోరేజ్‌కి ‘ఈ ఇమేజ్‌ని (ఒక బ్యాకప్ కాపీని) అక్కడికి కాపీ చెయ్యి’ అని చెప్పి పక్కకి తప్పుకుంటుంది. స్టోరేజ్ ముందు ముక్కల ఫింగర్‌ప్రింట్లు, అంటే ఒక్కో ముక్కని గుర్తుపట్టే చిన్న కోడ్‌లు మాత్రమే పంపుతుంది. ముక్క 128 కేబీ, ఫింగర్‌ప్రింట్ 32 బైట్లు అనుకుంటే మొత్తం సుమారు రెండున్నర జీబీయే. ఇంట్లో ఉన్నవి చూసుకుని లేని సరుకులే చీటీలో రాసినట్టు, తన దగ్గర లేని ముక్కలనే బెంగళూరు అడుగుతుంది. కొత్త డేటా రెండు శాతమైతే 200 జీబీ, అరగంట పని. అయితే రెండు వైపులా ముక్కలు కోసే పద్ధతి ఒకటే కావాలి. రెండో సైట్‌కి వేరే రకం బాక్స్ చౌకగా వస్తోందంటే ముందు ఇదే అడగండి.

మా టీమ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు ఒక రాత్రి టెన్షన్‌గా ఫోన్ చేశాడు. “అన్నా, మీడియా సర్వర్ గ్రాఫ్ అసలు కదలట్లేదు. జాబ్ హ్యాంగ్ అయినట్టుంది, కిల్ చెయ్యనా?”

“వద్దు తమ్ముడూ. స్టోరేజ్ పోర్ట్ గ్రాఫ్ చూడు.”

అక్కడ ట్రాఫిక్ నిండుగా ఉంది.

సర్వర్‌కి పని లేదని కాదు. ఎంతవరకు వచ్చిందో అడుగుతూ ఉండాలి. పూర్తయిందని అవతలి స్టోరేజ్ చెప్పాకే, ఏ కాపీ ఎక్కడుందో రాసుకునే కేటలాగ్‌లో రెండో కాపీ రాయాలి. అంతవరకు మొదటి కాపీని ఎక్స్‌పైర్ (గడువు తీరి తొలగిపోవడం) కానివ్వకూడదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకొకటి. బెంగళూరు ఒక ముక్క గురించి ‘ఉంది, పంపక్కర్లేదు’ అంటుంది. దాన్ని వాడే పాత బ్యాకప్ అదే సమయంలో ఎక్స్‌పైర్ అయితే? చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్షన్ ఆ ముక్కని తీసేస్తే కొత్త కాపీకి చిల్లు పడుతుంది. అందుకే ‘ఉంది’ అనే ముందే ఆ ముక్కని కొత్త ఇమేజ్ పేరున పట్టి ఉంచాలి. ఇది సరిగ్గా జరుగుతోందో లేదో జాబ్ స్టేటస్‌లోని పచ్చ రంగు చెప్పదు. బెంగళూరు కాపీ నుంచే రీస్టోర్ చేసి చూడాలి.