అపాచీ కొండల పాత టోపోషీటు, ఇవాళ్టి జీపీఎస్

ఉదయగిరి టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) మీద చెయ్యి తిరిగినవాళ్లకి అమెరికాలో అరిజోనాలోని వైట్ మౌంటెన్స్, అంటే అపాచీ తెగ కొండల పాత షీటు మరీ కొత్తగా అనిపించదు. దాన్ని ఇవాళ్టి జీపీఎస్‌తో కలిపి వాడుకోవడం ఎలాగో చూద్దాం. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల పాత 15 నిమిషాల (పావు డిగ్రీ) షీటు స్కేలు 1:62,500. మన సర్వే ఆఫ్ ఇండియా అంగుళం షీటుది (మైలుకి అంగుళం) 1:63,360. తేడా ఆకారంలో ఉంది. ఉదయగిరి షీటు 57ఎన్/5 ఇంచుమించు చదరం. 34 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశాలు దగ్గరపడి, అదే 15 నిమిషాలు 27 కిలోమీటర్ల నుంచి 23కి తగ్గుతాయి. అందుకే అపాచీ షీటు 37 సెంటీమీటర్ల వెడల్పు, 44 పొడవు. కాగితం కొలత ఇంతకన్నా బాగా తప్పితే అది కుదించిన జెరాక్సు. దాన్ని పక్కన పెట్టేయండి.

యూఎస్‌జీఎస్ వెబ్‌సైటు టోపోవ్యూలో జియోటిఫ్ (స్థానం వివరాలు కలిపి ఉన్న పటం ఫైలు) ఉచితంగా దొరుకుతుంది. కాగితమే చేతిలో ఉంటే 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) స్కాన్ చేయండి. అప్పుడు ఒక్కో పిక్సెల్ నేల మీద 4 మీటర్లు. ఆ బొమ్మని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నేల మీది స్థానాలకి అతికించేటప్పుడు నాలుగు మూలలతో సరిపెట్టొద్దు. 5 నిమిషాలకోసారి ఉండే గుర్తులు కలుపుకుంటే 16 బిందువులు వస్తాయి. మడతల దగ్గర కాగితం సాగిందో ముడుచుకుందో అవే చెబుతాయి. ఏ బిందువైనా 5 పిక్సెళ్లు దాటి తప్పుతుంటే మళ్లీ పెట్టండి. ప్రతి బిందువుకీ సరిపోయేలా బొమ్మని వంచే థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి మాత్రం మొదటే వాడకండి, అది తప్పు బిందువుని కూడా ఒప్పు చేసి చూపిస్తుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది డేటమ్ దగ్గర, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం దగ్గర. ఆ షీటు ఎన్‌ఏడీ27 అనే పాత అమెరికా డేటమ్ మీద గీసింది. దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 అనుకుని యూటీఎం అంకెలు (మీటర్లలో స్థానం) తీస్తే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 200 మీటర్లు జరుగుతుంది. కొండల్లో అంతదూరం అంటే వాగుకి అవతలి గట్టు. మన పాత షీట్లు ఎవరెస్ట్ అనే పాత డేటమ్ మీద ఉన్నాయి కాబట్టి వెలిగొండల్లోనూ ఇదే చిక్కు.

ఆకుపచ్చ రంగు చెట్లున్నాయని చెబుతుంది, అవి పాండెరోసా పైన్ చెట్లా మరొకటా అన్నది చెప్పదు. పైనుంచి తీసిన ఫొటోల్లో దట్టమైన అడవి కింద నేల కనబడదు గనక అక్కడి కాంటూర్లని (సమాన ఎత్తు గీతలని) మరీ గట్టిగా నమ్మకూడదు. వాగు మడతల్లో కాంటూరు ముక్కు ఎగువకి తిరిగిందో లేదో చూడండి.

ఈ కొండల్లోని బాల్డీ పీక్ ఎత్తు దాదాపు 11,400 అడుగులు. శిఖరం వైట్ మౌంటెన్ అపాచీలకి పవిత్రం, బయటివాళ్లకి అక్కడ ప్రవేశం లేదు. షీటులో చుక్కల బాట కనిపించినా అది అనుమతి కాదు. ఆ నేల మీద తిరగాలంటే తెగ ఇచ్చే పర్మిట్ కావాలి. రిజర్వేషన్ (తెగ భూమి) హద్దు గీతని ఇవాళ్టి హద్దుతో సరిచూశాకే మీ దారి గీసుకోండి.