పుంగనూరు పెయ్య మళ్ళీ పొర్లింది

మూడో సూదీ (కృత్రిమ గర్భధారణ) నిలవలేదు. ఫిబ్రవరి 25న వేయిస్తే ఇరవై రోజులు తిరక్కుండానే, మార్చి 16 అర్ధరాత్రి, పెయ్య మళ్ళీ ఎదకొచ్చింది, అంటే పొర్లింది. జనవరి 4 నాటిది 21 రోజులకు పొర్లింది. జనవరి 25న ఎద చూసి వేయించింది 31 రోజులకు. ఈ 31 దగ్గరే బుర్ర పనిచేయడం మొదలైంది. 21కి పొర్లితే కట్టలేదనో, కట్టినా మొదట్లోనే పోయిందనో. 25 దాటి 35 లోపల పొర్లిందంటే పిండం కట్టి పోయి ఉండొచ్చు. అంటే పెయ్య గొడ్డుబోతు కాదు.

వయసు 34 నెలలు. మూపురం వెనక ఎత్తు 86 సెం.మీ., ఛాతీ చుట్టు 48 అంగుళాలు, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 42. చుట్టును చుట్టుతోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు 147 కిలోలు. పుంగనూరుకి ఇది తక్కువేమీ కాదు.

తర్వాతి అనుమానం గర్భసంచిలో చీము. ఎదలో కారే తీగ (జిగురు) కోడిగుడ్డు తెల్లసొనలా తేటగానే ఉంది. అయినా గాజు గొట్టంలోకి తీసుకుని, అంతే కొలత 10 శాతం కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి వేడిచేస్తే పసుపు తిరగలేదు. చీము లేదు.

గడ్డకట్టిన వీర్యం ఉండే స్ట్రా (సన్న గొట్టం) కరిగించే నీళ్ళు? 37 డిగ్రీల్లో 30 సెకన్లు ఉండాలి. ఫ్లాస్కులోంచి గ్లాసులోకి వంపిన నీళ్ళలో థర్మామీటరు పెడితే 31 చూపించింది! ‘గోరువెచ్చన’ అని వేలితో చూసే పద్ధతి మీద ఇక నమ్మకం లేదు. కానీ మూడోసారి నీళ్ళు సరిగ్గా 37 ఉన్నాయి, అయినా పొర్లింది. కాబట్టి అసలు దొంగ ఇది కాదు.

అందుకే మార్చి ఎదను కావాలనే వదిలేసి, పాకలో కెమెరా పెట్టి గంటలు మాత్రం రాసుకున్నాం. జతావు ఎక్కుతుంటే పెయ్య కదలకుండా నిలబడింది మొదట రాత్రి 11:40కి, ఆఖరుసారి పొద్దున 8:20కి. మొత్తం తొమ్మిది గంటలు కూడా లేదు! 19 పొద్దున తోక కింద రక్తపు చార, ఎద అయిపోయిందన్న గుర్తు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎద దిగాక 10–12 గంటలకు అండం విడుదలవుతుంది. అంటే 17 సాయంత్రం ఆరున్నర, ఎనిమిదిన్నర మధ్య. పొద్దున ఆరింటికి ఎద చూసి ‘పొద్దున చూస్తే సాయంత్రం’ సూత్రం పట్టుకుంటే సూది వేసే గోపాలమిత్ర వచ్చేది సాయంత్రం ఆరింటికి. వీర్యం లోపల సిద్ధం కావడానికే ఆరు గంటలు కావాలి, అండం బతికేదేమో 6–10 గంటలు. జనవరి 25న ఇంకా ఘోరం: సాయంత్రం అయిదింటికి చూసి, మర్నాడు ఎనిమిదింటికి వేయించాం. అది కూడా ముందు రాత్రే నిలబడి ఉంటే 30 గంటలు దాటిపోయినట్టే. ముదిరిన అండానికి కట్టిన పిండం పోవడం మామూలే, ఆ 31 రోజుల లెక్క ఇక్కడ సరిపోతోంది. సూత్రం తప్పు కాదు. మనం చూసిన గంట నుంచి లెక్కపెట్టడం తప్పు. దేశీ పెయ్యలకు ఎద పొట్టి, ఎక్కువగా రాత్రిపూటే.

ఒంగోలు స్ట్రా వేయిస్తే నిలుస్తుందని ఒక సలహా. తప్పిపోయేది గంట అయితే స్ట్రా మారిస్తే ఏం లాభం? పైగా 147 కిలోల తొలిచూలుకి పెద్ద దూడ పడితే ఈనేటప్పుడు ప్రాణం మీదకొస్తుంది.

మేతలోనూ లోటు లేదు. ఆజోలా (నీళ్ళలో పెంచే పచ్చిమేత) తొట్టి బ్రహ్మాండంగా ఉంది. ఖనిజ మిశ్రమం అగ్రిమిన్ ఫోర్టే రోజుకు 30 గ్రాములు. తవుడులో కలిపితే మారుమాట లేకుండా తింటోంది.

తర్వాతి ఎద ఏప్రిల్ 6–7 ప్రాంతం. 4 రాత్రి నుంచే కెమెరా. నిలబడ్డ గంటకు పన్నెండు కలిపి ఒక సూది, ఇంకో ఎనిమిది గంటలకు అదే ఆబోతు స్ట్రాతో రెండోది. మొదటి దాంతో పాటు రిసెప్టాల్ (అండం విడుదలకు ఇచ్చే హార్మోను ఇంజెక్షన్) 2.5 మి.లీ. ఇవ్వాలా అన్నది డాక్టరుగారిని అడగాలి. అర్ధరాత్రి ఎద అయితే మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరు వస్తారన్నది ఇంకా తేలలేదు, అది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. థర్మామీటరు మాత్రం గ్లాసు పక్కనే కట్టేశాం.